గేటెత్తమన్న ఓబుళరెడ్డి

మైదుకూరు మండీ వ్యాపారి, నా పొరుగువాడు, నా ప్రత్యర్థి, నా ప్రాణమిత్రుడు ఓబుళరెడ్డి గారు ఇక లేరు. ఈ ఒక్క వాక్యం రాసి కలం కింద పెట్టాను. మళ్ళీ తీసుకోవడానికి చాలాసేపు పట్టింది. వర్తక సంఘం వారు నన్ను పిలిచి, "ఆయన్ను దగ్గరగా ఎరిగినవాడివి, సంస్మరణ వ్యాసం నువ్వే రాయాల. స్వర్గస్థులైనారనీ, శివసాయుజ్యం పొందినారనీ మంచి మాటలు రాయి" అన్నారు. నేనలా రాయను. ఓబుళరెడ్డి గారు జబ్బుచేసి పోలేదు, వయసు మళ్ళి పోలేదు. ఆయన్ను పట్టపగలు, జిల్లా పొలిమేర గేటు దగ్గర, మా అందరి వీపుల వెనక, వేటకొడవళ్ళతో నరికి చంపారు. చంపించినవాడు ఇంకా మూడుపూటలా అన్నం తింటున్నాడు. ఈ మాట ముందు చెప్పకుండా ఆయన గుణగణాలు వర్ణిస్తే అది ఆయనకు చేసే అవమానమని నా అభిప్రాయం.

వ్యవహారం కోర్టు దాకా పోయింది గనుక కొన్ని పేర్లు రాయకూడదని వకీలు గారు హెచ్చరించారు. అందువల్ల మా ప్రాంతానికంతటికీ జొన్నల రవాణా పర్మిట్టు పొందిన ఆ పెద్దమనిషిని పర్మిట్టు ఆసామి అనీ, అతని కింద పనిచేసినవాణ్ణి గుమాస్తా అనీ మాత్రమే అంటాను. మైదుకూరులో ఈ మాటలు చదివినవాళ్ళకు పేర్లతో పనిలేదు.

ఓబుళరెడ్డి గారు వర్తక కుటుంబంలో పుట్టినవారు కారు. మైదుకూరు పక్కపల్లెలో వానను నమ్ముకున్న మెట్టసేద్యపు ఇల్లు వారిది. యౌవనంలో తండ్రితో కలిసి శనక్కాయల బండి కట్టుకొని సంతకు వచ్చేవారు. ఆ రోజుల్లో, అంతెందుకు, మొన్నమొన్నటి దాకా కూడా, మా సంతలో బేరమంటే తువాలు కింది బేరమే. కొనే దళారీ, అమ్మించే దళారీ ఎదురెదురుగా నిలబడి చేతుల మీద తువాలు కప్పుకొని, ఆ గుడ్డ కింద ఒకరి వేళ్ళు ఒకరు నొక్కి ధర చెప్పుకొంటారు. పైకి ఒక్క మాట ఉండదు. పంట తెచ్చిన రైతు పక్కనే ఉంటాడు, కానీ తన సరుకుకు ఏ ధర పలికిందో గుడ్డ తీసినదాకా అతనికి తెలియదు. తన తండ్రి తన బండి పక్కనే పిలవని పేరంటానికి వచ్చినవాడిలా నిలబడి ఉండటం చూసి ఆ యువకుడి ఒళ్ళు మండింది. "మా నాయన పండించినదానికి వీళ్ళు గుడ్డ కప్పేదేంది?" అనుకున్నాడట. ఆ మంటలోంచే ఆయన మండీ పుట్టింది.

రెడ్ల బిడ్డ కొట్టు పెట్టడం ఆ ఊళ్ళో నగుబాటు. పెదనాన్న వీధిలో నిలబెట్టి తిట్టాడు. "రెడ్డి పుటక పుట్టి తక్కెడ పట్టుకుంటాండావే, సిగ్గులేదా రా ఓబుళూ?" అన్నాడు. "కొడవలి పట్టుకొని దాయాది మీదికి పోతే లేని సిగ్గు, తక్కెడ పట్టుకుంటే యాడినుంచి వస్తాది పెదనాయనా?" అని ఈయన జవాబు. ఆ ఇంట్లో కక్షలు, నరుక్కోవడాలు తరతరాల ఆస్తి. ఆయన మేనమామ అలాగే పోయాడు. పెదనాన్న ఆ తరువాత చాలాకాలం మాట్లాడలేదు.

మా కొట్ల వరుసలో నా పక్క అరుగే ఆయనది. పొద్దున్నే అరుగు మీద నిలబడి, ఆ రోజు తాను ఏ సరుకు ఏ ధరకు కొంటాడో, ఏ ఊళ్ళో ఏ ధర నడుస్తున్నదో, వీధి చివర ఎద్దులు విప్పుకునే రైతుకు కూడా వినబడేలా కేకవేసి చెప్పేవారు. గొంతు బొంగురు. సంగీతజ్ఞులు మెచ్చే గొంతు కాదు. నాకు మాత్రం ఆ కేకతోనే పొద్దు పొడిచేది. మొదట్లో నాకూ కోపం వచ్చింది. రాకేమి? గుడ్డ చాటున నేను కొనే సరుకుకు ఈయన వీధిలో ధర చెప్పేస్తున్నాడు. కానీ ఏడాది తిరిగేసరికి ఆ కేకను నమ్ముకొని దూరపు బండ్లు మా వీధికి మళ్ళాయి, నా కొట్టూ నిండింది. అప్పుడు కోపం పోయింది. నేను శెట్టిని, లాభం కళ్ళకు కనిపిస్తే అర్థం చేసుకోగలను.

అందరూ అర్థం చేసుకోలేదు. మా సంఘంలోనే ఒకాయన రౌడీలను పంపి ఓబుళరెడ్డి గారి కాటా విరగ్గొట్టించాడు, అడ్డం వచ్చిన ఆయన తల పగలగొట్టించాడు. ఆ రోజు నేను ప్రొద్దుటూరు పోయి ఉన్నాను. మరునాడు వచ్చి చూద్దును గదా, ఈయన తలకు గుడ్డ కట్టుకొని, విరిగిన కాటాకొయ్య చేత్తో పట్టుకొని నడివీధిలో పోతున్నారు. నేరుగా రౌడీలను పంపిన పెద్దమనిషి కొట్టెక్కి, భుజమ్మీద ఒక్కటే దెబ్బ వేశారు. ఎముక విరిగిన చప్పుడు మాకందరికీ వినపడింది. కొయ్య అక్కడే పారేసి, తన అరుగు మీదికి వచ్చి, మళ్ళీ కారుతున్న రక్తం తుడుచుకుంటూ ఆనాటి ధరలు కేకవేశారు. ఓబుళరెడ్డి గారు శాంతమూర్తి అని ఎవరైనా రాస్తే నమ్మకండి. ఆయనకు కోపం వస్తే చెయ్యి ముందు లేచేది, మాట తరువాత వచ్చేది.

జొన్నల్లో మట్టిబెడ్డలు కలిపి అమ్మిన మా కులం కుర్రవాణ్ణి ఒకణ్ణి సంతలో చెంప పగలగొట్టి, ఆ బెడ్డలు వాడిచేతనే ఏరించారు. స్వేచ్ఛావాణిజ్యం అంటే మోసానికి స్వేచ్ఛ అనుకునేవాళ్ళు మాలో ఉన్నారు. వాళ్ళకు ఆయన చెయ్యే సమాధానం.

తువాలు బేరంలో ఆయనకు ఒక్కటి మాత్రం నచ్చేది. ఆ గుడ్డ కింద చేతులు కలిసి ఉన్నంతసేపూ ఆ ఇద్దరి జోలికి ఎవరూ పోకూడదు. పలకరించకూడదు, అడ్డం రాకూడదు, అటు చూడనైనా చూడకూడదు. చుట్టూ ఉన్నవాళ్ళు మర్యాదకు ముఖం తిప్పుకొని నిలబడాలి. ఊళ్ళో కత్తులు దూసుకునే రెండు వర్గాలవాళ్ళు కూడా సంతలో చెయ్యి కలిపి ఎద్దులు మార్చుకొని పోయేవారు. చేతులు విడిపోయినాక మళ్ళీ పగే, కలిసినంతసేపూ కాదు. మా పెద్దల కాలం నుంచి ఈ కట్టు తప్పినవాడు లేడు. "ఆ నమ్మకం బంగారం శెట్టీ. మీద కప్పిన ఆ గుడ్డే పాడుది" అనేవారు ఓబుళరెడ్డి గారు.

ఒకసారి నేను ఎగతాళి చేశాను. "రెడ్డెప్పా, అమ్మేవానికీ కొనేవానికీ నడుమ ఎవరూ అడ్డం ఉండగూడదంటావు. మరి నువ్వూ నేనూ ఏంటికి ఉండాము ఈడ?" అన్నాను. ఆయన నవ్వలేదు. "మనం వద్దనుకుంటే వాళ్ళు మనల్ని దాటి పోతారు శెట్టీ. ఇంగో కొట్టు ఉండాది, ఇంగో సంత ఉండాది. గేటు వద్దనుకుంటే యాడికి పోతారు?" అన్నారు. ఆ తరువాత నేనా ఎగతాళి చేయలేదు.

ఆ గేటు సంగతికి వస్తాను. యుద్ధకాలంలో వచ్చిన ధాన్యపు కంట్రోలు యుద్ధం పోయినా పోలేదు. ఒక జిల్లా జొన్న మరో జిల్లాకు పోకూడదన్నారు. పొలిమేరలో అడ్డుకొయ్య పెట్టి గేటన్నారు. రైతు తన పంటలో కొంత సర్కారుకు సర్కారు కట్టిన ధరకే ఇవ్వాలన్నారు. జిల్లా దాటించే పర్మిట్టు మాత్రం ఒక్క ఆసామికి ఇచ్చారు. గేటుకు అవతల జొన్న చవక, ఇవతల ప్రియం. నడుమ నిలబడ్డ ఆసామికి మిద్దె మీద మిద్దె లేచింది. మిద్దె చుట్టూ కొడవళ్ళ మనుషులు లేచారు. ఎవరి కష్టంతోనూ పనిలేకుండా, ఒక సంతకంతో వచ్చే సంపదను కాపాడుకోవాలంటే ఇక కొడవలే కావాలి మరి.

ఆనాటి తాసిల్దారు గారు సాత్వికులు, లంచం ఎరగనివారు. వారి ఎదుట ఓబుళరెడ్డి గారు వాదించినప్పుడు నేను పక్కనే ఉన్నాను. "రెడ్డిగారూ, గేటు ఎత్తేస్తే మీ వర్తకులు జొన్నలన్నీ కొని దాచేస్తారు. పేదవాడు మాడిపోతాడు. ఈ నియంత్రణంతా పేదవాడి కోసమే కదా" అన్నారు తాసిల్దారు గారు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు.

"సామీ, మీరు మంచోళ్ళు, అందుకే చెప్తాండా" అన్నారు ఓబుళరెడ్డి గారు. "దాచేటోడు ఊరికొకడు ఉంటాడు, కాదనను. దావ తెరిచి ఉంటే, వాడు దాచిన దినమే పక్కూరోడు బండి కట్టుకొని వచ్చి అమ్ముకుంటాడు. దాచినోని నోట్లో మన్ను పడతాది. ఇప్పుడు మీరు దావ మూసి తాళంచెవి ఒగని చేతికిచ్చినారు. ఇంగ వానికి దాచే పనే లేదు. వాని తరపున మీరే దాచిపెట్టినారు."

తాసిల్దారు గారి ముఖం ఎర్రబడింది. బల్ల మీది కాగితాలు సర్దుకున్నారు. "ఉత్తర్వు నాది కాదు రెడ్డిగారూ" అన్నారు. బయటికి వచ్చాక నేను తాసిల్దారును తిట్టబోతే ఓబుళరెడ్డి గారు తిట్టనివ్వలేదు. "ఆయప్ప మంచోడే. మంచోళ్ళ చేతికి ఇట్లాంటి పని ఇచ్చినందుకు నాకు శానా బాధగా ఉండాది" అన్నారు.

ఆ రోజుల్లోనే ఒక పల్లెలో చౌకధరల డిపో ఎవరికి రావాలన్న దాని మీద రెండు వర్గాలు కొట్టుకున్నాయి. ఈటెలతో పొడుచుకున్నారు, గడ్డివామికి నిప్పు పెట్టారు. మేమిద్దరం అటుగా బండిలో వస్తూ చూశాం. దారి పక్క ఒక మనిషి తల పగిలి పడి ఉన్నాడు. ఓబుళరెడ్డి గారు వాణ్ణి ఎత్తి బండిలో వేసుకొని, తలను తన తొడ మీద పెట్టుకొని ఆస్పత్రి దాకా వచ్చారు. పంచె అంతా రక్తం. "చూడు శెట్టీ. ఇంతకుముందు ఈ ఊర్లో పొలంగట్టు కాడ కొట్టుకునేవాళ్ళు, ఆడదాని కోసమని కొట్టుకునేవాళ్ళు. ఇప్పుడు సర్కారోళ్ళు ఇంగొకటి తెచ్చిచ్చినారు కొట్టుకోవడానికి. ఎవనికిస్తే వాడు బతుకుతాడు, ఎవనికి ఇయ్యకపోతే వాడు కొడవలి నూరతాడు" అన్నారు. ఆ మనిషి ఆస్పత్రి చేరకముందే పోయాడు.

తరువాత కరువు వచ్చింది. వేంపల్లె వైపు వాన మొహం చాటేసింది. పశువులు కళేబరాలయ్యాయి. గంజి కేంద్రాల ముందు తోపులాటలో ముసలివాళ్ళు కాళ్ళ కింద నలిగి చనిపోయారు. తల్లులు ఆకులూ జెముడు పండ్లూ ఉడికించి పిల్లలకు పెట్టారు. అదే సమయంలో కర్నూలు వైపు కోడుమూరు పరిసరాల్లో ఒక పాయగా మంచి వాన పడి జొన్న పండింది. పండినా బయటికి రాలేదు. సర్కారు ధరకు ఇష్టం లేక రైతులు పాతరల్లో పూడ్చిపెట్టారు. ధాన్యం వసూలు చేసే సర్కారు అమీనాలు వచ్చి ఇనుప గునపాలతో పెరళ్ళూ గొడ్లపాకలూ పొడిచి చూశారు. పాతర చూపించని రైతును ఒకణ్ణి ఇంటి ముందే కట్టేసి కొట్టారు, చెయ్యి విరిగింది. అయినా ఊరు ఊరంతా నోరు మూసుకుంది.

ఓబుళరెడ్డి గారు బస్సెక్కి కోడుమూరు పోయారు. నన్నూ లాక్కుపోయారు. అక్కడి సంతలో ఒక బండి మీదికెక్కి వేంపల్లెలో జొన్న ఏ ధర పలుకుతున్నదో కేకవేసి చెప్పారు. అంతే. ఉపన్యాసం లేదు, దేశభక్తి లేదు. "ఇది వేంపల్లె ధర. బండ్లు తోలే ఖర్చు నాది. దావలో గేటుంది, దాంతో నేను మాట్లాడతా. ఇష్టముండేటోడు రావచ్చు" అన్నారు. బండ్ల మేస్త్రి మస్తాన్ సాబు ముందుకు వచ్చాడు. గడ్డం నెరిసిన పెద్దమనిషి, ఆ ప్రాంతపు బండ్లన్నీ ఆయన మాట మీద కదులుతాయి. "ఏమప్పా రెడ్డీ, దుడ్ల మాట సరే, అంత ఆకలిగా ఉండారా ఆడ జనం?" అని అడిగాడు. "ఆ ధరే చెప్తాండాది కదా సాబూ, ఎంత ఆకలో" అన్నారు ఈయన.

గునపాలకు దొరకని పాతరలు ఆ కేకకు తెరుచుకున్నాయి. పాతర మూత తీసి గాలి ఆడనిచ్చి, దీపం దింపి చూసి మనుషులు దిగుతూ ఉంటే, చెయ్యి విరిగిన ఆ రైతు కట్టుతోనే గట్టున కూర్చొని తన జొన్నలు మూటలకెత్తించాడు. దానిని నేను కళ్ళారా చూశాను. మద్రాసులోనూ ఢిల్లీలోనూ కూర్చున్న మహానుభావులు కూడా చూసి ఉంటే ఎంత బాగుండేదో!

దొంగదారులు చాలా ఉన్నాయి. వంకలో నుంచి, కొండపక్క నుంచి బండ్లు దాటించేవాళ్ళున్నారు. ఓబుళరెడ్డి గారు ఒప్పుకోలేదు. "మనది దొంగసొమ్మా దాచుకొని పోవడానికి? రాచబాట మీద, నడిపొద్దులో పోవాల" అన్నారు. పర్మిట్టు కోసం అర్జీ పెట్టారు, రాలేదు. తాసిల్దారు గారికి ముందే చెప్పి బయలుదేరారు. బండ్ల బారు గేటు ముందు ఆగింది. కాపలావాడు కొయ్య ఎత్తనన్నాడు. "కలెక్టరు గారికి రాశాను, కాస్త ఆగండి" అని తాసిల్దారు గారు మనిషిచేత చెప్పి పంపారు. ఆగాం. అవతలి పక్క వేంపల్లె నుంచి జనం ఖాళీ గోతాలతో, గాడిదలతో నడిచి వచ్చి కూర్చున్నారు. నడుమ ఒక్క కొయ్య. ఇటు జొన్న, అటు ఆకలి. ఎద్దులు దప్పికతో నాలుకలు బయటపెట్టాయి. ఒక ఆడమనిషి కొయ్య కింద నుంచి వంగి వచ్చి, మూట చిరుగులోంచి రాలిన గింజలు నేల మీద ఏరుకుంటే కాపలావాడు లాఠీతో వీపు మీద కొట్టాడు. ఓబుళరెడ్డి గారు వాడి లాఠీ లాక్కొని మోకాలి మీద విరిచి పారేశారు.

అప్పుడు వచ్చాడు గుమాస్తా. పర్మిట్టు ఆసామి చేతికింద చేరకముందు వాడు మా సంతలో దళారీ. మా అందరితో లెక్కలేనన్నిసార్లు చెయ్యి కలిపినవాడు. నవ్వుతూ వచ్చి, "రెడ్డీ, మా ఆసామి మాట పంపినాడు. ఆయన పర్మిట్టు మీద నీ బండ్లు దాటిస్తాడంట. ఆయనకేమి ఇస్తావో చెప్పు, ఇప్పుడే కొయ్య లేస్తాది" అంటూ భుజమ్మీది తువాలు చేతి మీద పరిచాడు.

"గుడ్డ తీసి పారెయ్. కేకేసి అడుగు, కేకేసి చెప్తా" అన్నారు ఓబుళరెడ్డి గారు.

"ఈ మాట పదిమందిలో అనేది కాదని నీకు తెలీదా? ఆడ బిడ్డలు ఆకులు తింటాండారు. నీకు కేకలు కావాల్నా, జొన్నలు దాటడం కావాల్నా?"

ఓబుళరెడ్డి గారు కొయ్య అవతల కూర్చున్నవాళ్ళను చూశారు. నన్ను చూశారు. "కానీ" అని చెయ్యి చాచి ఆ తువాలు కింద పెట్టారు. తన మండీ తెరిచినాక ఆయన ఆ పని చేయడం నేను చూడలేదు. చేతులు కలిసినాయి గనుక, మా పెద్దలు నేర్పిన మర్యాద ప్రకారం, నేనూ, మస్తాన్ సాబూ, బండ్లవాళ్ళూ అందరం ముఖాలు అటు తిప్పుకొని నిలబడ్డాం. ఇంకే దేశంలోనైనా, ఇంకే జనమైనా కళ్ళప్పగించి చూసేవాళ్ళు. చూసి ఉంటే ఆయన బతికేవారు.

"చెయ్యి వదల్రా" అన్న ఆయన గొంతు వినపడింది. బేరం కుదరక కోపపడుతున్నారనుకున్నాం. నిజం, అలాగే అనుకున్నాం. మళ్ళీ వినపడినప్పుడు అది ఆయన గొంతులా లేదు. తిరిగి చూశాం. ఆ నీచుడు తువాలు కింద ఆయన మణికట్టును రెండు చేతులతో బిగించి పట్టుకొని వెనక్కి లాగుతున్నాడు. కాపలా గుడిసె వెనక నుంచి వచ్చినవాళ్ళు మెడ మీదా భుజం మీదా నరుకుతున్నారు. ఆయన ఎడమచేత్తో ఒక కొడవలిని పదునువైపే పట్టుకొని ఆపారు, వేళ్ళు తెగి రాలాయి. అలాగే గుమాస్తాను ఈడ్చుకుంటూ నాలుగడుగులు గేటు వైపే వేశారు. మస్తాన్ సాబు బండి గూటం పెరికి ఒకడి నడుం విరగ్గొట్టాడు. నేను కూడా ఒకడి మీద పడ్డాను, కొరికాను, ఎక్కడ కొరికానో తెలియదు. వాళ్ళు పారిపోయేసరికి ఓబుళరెడ్డి గారు నేల మీద ఉన్నారు. తల నా ఒళ్ళోకి తీసుకున్నాను. "శెట్టీ, బండ్లు ఎనక్కి తిప్పొద్దు" అన్నారు. ఇంకేమో చెప్పబోయారు, రక్తం అడ్డం వచ్చింది.

మనుషులు మనుషుల్ని చంపుకోవడం మా సీమకు కొత్త కాదు. కలిపిన చెయ్యిని పట్టుకొని చంపడం కొత్త. ఒక్క కొయ్యకు అంత విలువ కట్టి పెట్టిన ప్రభుత్వం, తరతరాలుగా పగవాళ్ళ నడుమ కూడా నిలిచిన ఆ నమ్మకాన్ని ఒక్క మధ్యాహ్నంలో చంపించింది. ఇది నేను కోపంలో రాస్తున్న మాటే. కోపం తగ్గినాక కూడా మార్చను.

ఆ తరువాత జరిగినదానికి నేను క్షమాపణ చెప్పుకోను. బండ్లవాళ్ళు గుడిసెను తగలబెట్టారు. మస్తాన్ సాబు గొడ్డలి తీసుకొని అడ్డుకొయ్యను నరికాడు. అది విరిగి పడుతున్నప్పుడు అవతలి జనం అరిచిన అరుపు మనుషుల అరుపులా లేదు. ఓబుళరెడ్డి గారిని మొదటి బండిలో జొన్నమూటల మీద పడుకోబెట్టి మైదుకూరు తెచ్చాం. పంచనామా అయింది. వారి ఆచారం ప్రకారం చేలోనే పూడ్చిపెట్టి వచ్చాం.

మరునాటికి పర్మిట్టు ఆసామి కబురు వీధి వీధికీ చేరింది. ఆ బండ్ల జొన్న కొన్నవానికీ, అమ్మినవానికీ, తూచినవానికీ అదే గతి అని. వర్తక సంఘం సమావేశమై, దివంగత మిత్రుని గౌరవార్థం కొట్లన్నీ మూసివేయాలని తీర్మానించింది. గౌరవమో భయమో ఎవరికి వారికి తెలుసు. నేనూ తలుపు వేశాను. వీధి నిండా జొన్నబండ్లు, వాటి చుట్టూ వేంపల్లె జనం, అన్ని కొట్లకూ తాళాలు. కడుపు నింపే గింజ కళ్ళముందు ఉంది, తాకే ధైర్యం ఎవరికీ లేదు. బండ్లవాళ్ళు వెనక్కి మళ్ళించడానికి ఎద్దులు కడుతున్నారు.

అప్పుడు సుబ్బమ్మ గారు వచ్చారు. ఓబుళరెడ్డి గారి భార్య. కర్మకాండ ఇంకా కాలేదు, గడప దాటకూడదు. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. బంధువులు వెంటబడి వస్తూ, "వద్దమ్మా, అరిష్టం" అంటున్నారు. ఆమె ఎవరి మాటా వినకుండా నా తలుపు తట్టింది.

"శెట్టన్నా, కొట్లేంటికి మూసినారు?"

"రెడ్డెప్ప పోయినాడని, గౌరవానికమ్మా."

"ఆయన బతికుండగా ఒక్క పొద్దు కొట్టు మూసినాడా? నా పెండ్లి దినం కూడా తెల్లారి ధర చెప్పి వచ్చి తాళి కట్టినాడు. ఆయనకు గౌరవం ఇట్లనా చేసేది? ఈ బండ్లు ఎనక్కి పోతే ఆయన్ను మీరు ఇంగోసారి చంపినట్టే."

తానే పోయి ఆయన కొట్టు తలుపులు బార్లా తీసింది. అరుగు మీద నిలబడింది. వీధి చివర పర్మిట్టు ఆసామి మనుషులు నిలబడి చూస్తున్నారు, నడుముకు గుడ్డలో చుట్టిన కొడవళ్ళు. ఆమె వాళ్ళ వైపు చూసింది, తల తిప్పుకోలేదు. నోరు తెరిచింది, కానీ ఏ ధర చెప్పాలో ఆమెకు తెలియదు. మాలో ఎవరికీ తెలియదు. అన్ని ఊళ్ళ ధరలూ తెలిసినవాడు ఆయన ఒక్కడే.

"నేనింత ఇయ్యగలను తల్లీ" అని గుంపులోంచి ఒక వేంపల్లె ఆడమనిషి గట్టిగా అరిచి తన ధర చెప్పింది. వీపు మీద లాఠీ దెబ్బ తిన్నామె. మస్తాన్ సాబు బండి మీద నుంచి, "అంత తక్కువైతే మా రైతుకు గిట్టదమ్మా. ఇంత అయితే ఇస్తా" అని తన ధర అరిచాడు. ఇంకెవరో వేంపల్లె వైపు నుంచి కొంచెం పెంచారు, బండ్ల వైపు నుంచి కొంచెం దించారు. అటూ ఇటూ అరుచుకున్నారు, తిట్టుకున్నారు, ఒక్కచోట ఆగారు. సుబ్బమ్మ గారు ఆ ధరను వీధి చివరి కొడవళ్ళకు కూడా వినబడేలా కేకవేసి చెప్పింది. జనం ఒక్కసారిగా బండ్ల మీద పడ్డారు. ఆ జనంలోకి వచ్చే ధైర్యం ఆ మనుషులకు లేకపోయింది. ఒకరి తరువాత ఒకరు కొట్ల తాళాలు తీశారు. అందరికంటే ముందు నేనే తీశానని చెప్పుకోవడానికి నాకు గర్వంగా ఉంది.

కంట్రోళ్ళు ఎత్తేస్తారని మద్రాసు నుంచి మాటలు వినిపిస్తున్నాయి. ఎత్తేస్తే మంచిదే. గేటు లేని బాట మీద బండ్లు పోతుంటే చూడటానికి ఆయన ఉండరు. ధర్మం తెలిసిన వర్తకులు మళ్ళీ పుట్టవచ్చు, ధైర్యం గల రెడ్లకు ఈ సీమలో కొదువ లేదు. ఆ రెండూ ఒక్క మనిషిలో ఉండటం మా తరానికి దక్కిన భాగ్యం. దాన్ని మేము కాపాడుకోలేదు. ఆ మహనీయునికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

ఆ రోజు నా కాటా ముందు వేంపల్లె ముసలాయన ఒకడు గోతం పట్టుకొని నిలబడి, "ఏమప్పా శెట్టీ, ఇది న్యాయమైన ధరేనా?" అని అడిగాడు. ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్న నా కొట్లో ఎవరు అడిగినా, నేను నోరు తెరిచేలోపలే పక్క అరుగు మీద నుంచి జవాబు వచ్చేది. నేను అలవాటుగా ఆ అరుగు వైపు తిరిగాను. ముసలాయన కూడా కాసేపు అటే చూశాడు.